అటకెక్కిన నిద్ర

రిటైరై ఇంట్లో కూర్చుంది అంటారు నా గురించి. రిటైరైన మాట నిజం. కూర్చున్న మాట మాత్రం అబద్ధం. సియాటిల్ దగ్గర బాతెల్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడితే ఫ్రీవే కనిపిస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి అక్కడికి వెళ్తాను. ఏదో ఒక ట్రక్ కనిపిస్తుంది. అది వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా కదలను. ఈలోగా పాలు పొంగిపోతాయి. "ట్రక్ నీది కాదు, లోడ్ నీది కాదు. పాలు మాత్రం మనవే" అంటారు మా వారు. ఆయన రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ రాస్తారు. సాయంత్రం లాప్‌టాప్ మూస్తే ఆయన ఉద్యోగం దానితోపాటు మూతపడుతుంది. నాది ఎప్పుడూ అలా మూతపడలేదు.

నేను ట్రక్కుల కంపెనీల్లో డిస్పాచర్‌గా పనిచేశాను. అంటే డ్రైవర్‌కి లోడ్ చూపించి, ఎక్కడ ఎక్కించుకోవాలో, ఎక్కడ ఎప్పుడు దించాలో చెప్పి, దారిలో వచ్చే తంటాలన్నీ ఫోన్ మీద తీర్చే మనిషిని. ట్రక్ నడపడం నాకు రాదు. కానీ ట్రక్ నడిపేవాళ్ల గొంతులు వినడంలోనే నా పని జీవితమంతా గడిచింది. మనిషి ఆకలితో ఉన్నాడా, కోపంగా ఉన్నాడా, ఇంట్లో గొడవపడి వచ్చాడా, హలో అన్న మాటలోనే తెలిసిపోయేది. తెలిసిందనుకుని పొరబడిన రోజులూ ఉన్నాయి.

ఈ మధ్య మన పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి వస్తున్నారు, కొందరు ట్రక్కుల కోసమే సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, స్లీపర్ బెర్త్ లాజిక్ కొంచెం ఎక్స్‌ప్లెయిన్ చేస్తారా? ఆ స్ప్లిట్ దగ్గరే కన్‌ఫ్యూజ్ అవుతున్నా" అంది. చెప్పాను. చురుకైన పిల్ల, చప్పున అందుకుంది. థాంక్యూ చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత నాకే కాలు నిలవలేదు. హాల్లోకి, వంటింట్లోకి, మళ్లీ హాల్లోకి తిరిగాను. లెక్క చెప్పాను గానీ అసలు సంగతి చెప్పలేదనిపించింది. ఆ సంగతే ఇది.

లెక్క

ముందు లెక్క, తెలియనివాళ్ల కోసం. లాంగ్ ట్రిప్పు డ్రైవర్ వరసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాకే కొత్త రోజు మొదలుపెట్టాలి. పనిలో దిగిన క్షణం నుంచి పద్నాలుగు గంటలు దాటితే ఇక స్టీరింగ్ ముట్టుకోకూడదు. ఆ పద్నాలుగులో నడిపేది పదకొండుకు మించకూడదు. మధ్యలో టీ తాగినా, గోదాము ముందు వరసలో నిలబడినా, టైరు మార్చుకున్నా ఆ పద్నాలుగు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది.

దీనికి ఒక వెసులుబాటు ఉంది. ట్రక్కులో సీట్ల వెనకాల చిన్న పడక ఉంటుంది. దాన్నే స్లీపర్ బెర్త్ అంటారు. పది గంటల విశ్రాంతిని ఒక్కసారే కాకుండా రెండు ముక్కలుగా తీసుకోవచ్చు. పెద్ద ముక్క కనీసం ఏడు గంటలు ఉండాలి, అది ఆ పడకలోనే గడపాలి. చిన్న ముక్క రెండు గంటలకు తగ్గకూడదు. రెండూ కలిపి పది కావాలి. అలా కుదిరితే ఆ రెండు ముక్కలూ పద్నాలుగులో లెక్కకు రావు. ట్రక్కులో ఒక పరికరం ఇదంతా దానంతటదే రాసుకుంటుంది. ఆ రాతనే లాగ్ అంటాం. నడపడానికి గంటలు మిగిలి ఉంటే నా తెరమీద డ్రైవర్ పేరు పచ్చగా కనిపిస్తుంది. అయిపోతే ఎర్రగా మారుతుంది.

ఈ రూల్స్ చెడ్డవని నేను అనను. ఇవి సరిగ్గా లేని రోజుల్లో నడిపిన ముసలివాళ్లు చెప్పిన సంగతులు విన్నాను. విన్నాక వారం రోజులు కారు నడపబుద్ధి కాలేదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ పరికరం ట్రక్కును చూస్తుంది. చక్రం తిరిగిందో లేదో చెబుతుంది. లోపల మనిషి కన్ను మూశాడో లేదో దానికేం తెలుసు?

బంకులో ఉన్నాడు

నా మొదటి బాస్ వాల్ట్. కెంట్‌లో గోదాముల మధ్య రేకుల కప్పు ఆఫీస్. వాల్ట్ చాలాకాలం ట్రక్ నడిపి, మోకాలు పాడై కుర్చీలోకి వచ్చాడు. చేరిన కొత్తలో ఒక డ్రైవర్ గురించి అడిగితే "అతను బంక్‌లో ఉన్నాడు" అన్నాడు. నాకు తెలిసిన బంకు పెట్రోలు బంకు ఒక్కటే. ఓహో, డీజిల్ కొట్టిస్తున్నాడు కాబోలు, ఖాళీగానే ఉంటాడు అనుకున్నాను. వెంటనే ఫోన్ చేసి, "ఫుల్ ట్యాంక్ కొట్టించారా?" అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాను. ఆ మహానుభావుడు నిద్రలోంచి లేచి నాకు తెలియని ఇంగ్లీషు చాలా నేర్పించాడు. ట్రక్కులో పడకనే వీళ్లు బంక్ అంటారని అప్పుడు తెలిసింది.

వాల్ట్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గోడమీద బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కో డ్రైవర్ పేరుతో ఒక అయస్కాంతం బిళ్ల అతికించి ఉంది. కొన్ని బోర్లా తిప్పి ఉన్నాయి. "బోర్లా ఉన్నవాడు పడుకున్నాడు. వాడికి ఫోన్ చేయకూడదు. నేను చేయను, ఓనర్ చేయడు, లోడ్ తాలూకు కస్టమర్ ఏడ్చి మొత్తుకున్నా చేయం. వాడి పెళ్లాం ఫోన్ చేస్తే మాత్రం అది వాళ్ల సంగతి" అన్నాడు. నేను చూసిన బాసుల్లో కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు ఉన్నారు, వ్యాపారం బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. నిద్రంటే గౌరవం ఉన్నవాడు వాల్ట్ ఒక్కడే. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఆ బోర్డు పోయింది. ఇప్పుడు డ్రైవర్ బెర్త్‌లో ఉన్నాడని తెరమీద అక్షరాలా రాసి ఉంటుంది. అయినా "ఎప్పటికి చేరతావు?" అని మెసేజ్ పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. ఫోన్ టింగుమంటే ఎవడికి నిద్ర పడుతుంది?

వాల్ట్ వెళ్లిపోయాక నేను మారిన కంపెనీ ఒక తెలుగాయనది. ప్రసాద్ గారు, గుంటూరు వైపు మనిషి. అక్కడ మన డ్రైవర్లు కొందరు ఉండేవారు. పెట్రోలు బంకుకీ పడక బంకుకీ మధ్య అందరికీ తికమకే. అందుకని వాళ్లు ఆ పడకకి అటక అని పేరు పెట్టేశారు. ఇంట్లో సామాన్లు పడేసే అటకలాగే ఇరుగ్గా ఉంటుంది కదా. "అటకెక్కుతున్నా" అంటే విశ్రాంతిలోకి వెళ్తున్నానని అర్థం. ఒకసారి ఒక డ్రైవర్ "అటకెక్కా" అని మెసేజ్ పెడితే ప్రసాద్ గారు లోడ్ అటకెక్కిందనుకుని కస్టమర్‌కి క్షమాపణలు చెప్పడం మొదలెట్టారు. చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం. ఆయన కూడా నవ్వారు. మంచివారే ఆయన. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మకపోవచ్చు.

అటక మీద ఏం జరుగుతుంది

నిద్ర పట్టకపోవడానికి ట్రక్కులో కారణాలకు కొదవ లేదు. పక్కనే చల్లని సరుకు మోసే ట్రైలర్ ఆగి ఉంటే దాని మోటారు ఆగి ఆగి గుర్రుమంటుంది. గోదాము గట్టుకి, అంటే డాక్‌కి, ఆనుకుని సరుకు ఎక్కిస్తుంటే ఫోర్క్‌లిఫ్ట్ ట్రైలర్ లోపలికొచ్చిన ప్రతిసారీ ట్రక్ మొత్తం ఊగుతుంది. పట్టపగలు ఎండలో పడుకోవాల్సి వస్తుంది. రూలు ప్రకారం అదీ విశ్రాంతే. ఎవరి ఒళ్లు ఎప్పుడు నిద్రకు ఒప్పుకుంటుందో రూలు పట్టించుకోదు.

వీటన్నిటికంటే నాకు గిట్టనిది ఇంకొకటుంది. "మీ నంబర్ ఎప్పుడైనా పిలుస్తాం, పలక్కపోతే వరస చివరికి వెళ్తారు" అనే గోదాములు. ఆ మాట చెవిలో పడ్డాక మనిషి పడకలో ఉంటాడు, చెవి మాత్రం కిటికీ దగ్గర ఉంటుంది. నన్నడిగితే, డ్రైవర్ల అలసటకు రోడ్డుకంటే ఈ గోదాముల వరసలే ఎక్కువ కారణం. ఈ మాట మీటింగుల్లో అంటే అందరూ తలలూపేవారు. మర్నాడు మళ్లీ అదే గోదాముకు అదే డ్రైవర్‌ని పంపేవాళ్లం.

తిన్నవా అక్కా

యాదగిరిది నల్లగొండ వైపు. కంపెనీలో నాతో ఎక్కువ మాట్లాడే డ్రైవర్ అతనే. మర్యాదస్తుడు. ఫోన్ ఎత్తగానే "తిన్నవా అక్కా?" అని అడగందే అసలు విషయంలోకి వచ్చేవాడు కాదు. బాతెల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉండేవారు. భార్య, ఒక్కతే కూతురు నవ్య. ఆ ఏడు నవ్య హైస్కూల్ గ్రాడ్యుయేషన్. యాదగిరి ఆ పిల్ల పుట్టినరోజులు చాలావరకు రోడ్డు మీదే గడిపాడు. గ్రాడ్యుయేషన్‌కి మాత్రం ముందు వరసలో కూర్చుంటానని కూతురికి మాటిచ్చాడు. ఆఫీస్‌లో మా అందరికీ కూడా చెప్పాడు, ఆ రోజు నాకు ఏ లోడూ చూపెట్టొద్దని.

చెర్రీ పళ్ల సీజన్. యకిమా దగ్గర ఒక షెడ్డులో పళ్లు ఎక్కించుకుని షికాగో వెళ్లాలి. అక్కడ దించి, సియాటిల్ వచ్చే ఇంకో లోడ్ ఎక్కించుకుంటే గ్రాడ్యుయేషన్‌కి ముందురోజు ఇంట్లో ఉంటాడు. ఆ లెక్క నేనే వేశాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

లోడ్ ఎక్కించుకున్న పొద్దున, దారిలో కాఫీకి రిట్జ్‌విల్ దగ్గర ట్రక్ స్టాప్‌లో ఆగి ఫోన్ చేశాడు. తెరమీద అతని పేరు నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. ముందురోజు మధ్యాహ్నం ఒక గోదాము దగ్గర చిన్న ముక్క, ఆ తర్వాత పళ్ల షెడ్డు ఆవరణలో పెద్ద ముక్క. రెండూ అటక మీదే, ఒక్క నిమిషం తేడా లేదు.

"తిన్నవా అక్కా?"

"ఆ, తిన్నాను. పడుకున్నావా?"

"పండుకున్ననక్కా. ఫుల్లు."

"షెడ్డు దగ్గర ఇబ్బంది పెట్టారా?"

"గట్లేం లే. నంబర్ ఎప్పుడు పిలుస్తరో అని జర చూసుకున్న, గంతే. ఇగ పోతున్న. స్పొకేన్ దాటితే కొండలు జల్ది ఎక్కేస్త. వచ్చే శనివారం నా బిడ్డ స్టేజ్ ఎక్కుతది అక్కా."

"తెలుసయ్యా, వందసార్లు చెప్పావు" అన్నాను. నవ్వాడు. కాఫీ తాగుతున్న చప్పుడు వినిపించింది.

"తిన్నవా అక్కా?" అన్నాడు.

నాకు వెంటనే అందలేదు. "ఆ తిన్నాను" అని నోటికి అలవాటుగా వచ్చేసింది. అన్నాక చూస్తే నా బల్లమీద టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. నేను తినలేదు. రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ తిన్నానన్నాను. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. మనవాళ్లు తిన్నారా అంటే తిన్నాం అంటాం. ఎదుటివాళ్లు మన కోసం బాధపడకూడదని అంటాం. అది జవాబు కాదు, మర్యాద.

మరి పడుకున్నావా అంటే పడుకున్నా అనడం ఏమిటి?

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఎంతమందిని ఈ ప్రశ్న అడిగానో! అందరూ ఒకటే జవాబు. పడుకున్నారు నిజమే, వీపు వాల్చారు. దానికీ నిద్రకీ ఏమిటి సంబంధం? మన భాషలో ఆ రెంటికీ పడుకోవడం, నిద్రపోవడం అని వేరే మాటలున్నాయి. అడిగేటప్పుడే తేడా చూడం.

"యాదగిరీ, సరిగ్గా చెప్పు. కన్నంటిందా?"

కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నీ బిడ్డ మీద ఒట్టు. కన్నంటిందా లేదా?"

"అంటలే అక్కా" అన్నాడు మెల్లగా. "రెండు దిక్కులా ట్రైలర్ల మోటార్లు. ఎవ్వడో వచ్చి తలుపు కొట్టిండు, వేరేటోని కోసం. నంబర్ మిస్సయితే బిడ్డ ఫంక్షన్ మిస్సయితదని భయం. నిన్న మధ్యాహ్నం కూడ అంటలే. కానీ లాగ్ మంచిగుంది అక్కా. నేను మంచిగనే ఉన్న. కాఫీ తాగిన."

"ఇప్పుడు నన్నేం అడిగావో గుర్తుందా?"

"ఏం అడిగిన?"

ముందు కొండలు, వెనక ట్రైలర్ నిండా పళ్ల బరువు. దిగుడులో అదే రోడ్డుమీద ఎవరెవరో పిల్లాపాపలతో కార్లలో వస్తుంటారు. స్టీరింగ్ పట్టుకోవలసినవాడికి తను ఇప్పుడే అన్న మాట గుర్తులేదు.

"అక్కడే ఉండు. కదలకు. నిద్రపో" అన్నాను.

"గట్లెట్ల అక్కా! ఇప్పుడు ఆగితే షికాగో టైమ్ పోతది. ఆ లోడ్ పోతది. శనివారం ఎట్ల వస్త?"

"రాలేవు."

ఈ ఒక్క మాట చాలా తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. అందుకు నాకిప్పటికీ బాధే. ఇంకాస్త మెల్లగా చెప్పి ఉండొచ్చు. ఆపినందుకు మాత్రం బాధ లేదు.

ప్రసాద్ గారితో పేచీ

ఆయన్ని అడగలేదు. అడిగితే వాదన, వాదించేలోపు ట్రక్ కదిలిపోతుంది. నేరుగా షికాగోలో సరుకు దించుకునేవాళ్లకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ మరుసటి రోజుకి మార్పించేశాను. తొందరపడే కారణమే లేకుండా చేస్తే డ్రైవర్ ఆగుతాడు. ఇది వాల్ట్ దగ్గర నేర్చుకున్న పద్ధతే. పరుగెత్తేవాడిని చెయ్యి పట్టుకుని ఆపలేం, వాడు పరుగెత్తే చోటు మార్చాలి అనేవాడు. ఆ తర్వాత ప్రసాద్ గారి గదిలోకి వెళ్లాను.

"విజయ గారూ, ఏమిటండీ ఇది? లాగ్ పచ్చగా ఉంది కదండీ" అన్నారు, అప్పటికే తెర చూసుకుని.

"పచ్చగానే ఉందండీ. మనిషి బాగాలేడు."

"గవర్నమెంటే వెళ్లొచ్చంటుంటే ఆపడానికి మనమెవరమండీ?"

"గంటలుంటే వెళ్లొచ్చన్నారు గానీ వెళ్లి తీరాలని అనలేదు. అలిసిపోయిన మనిషిని నడపమని కంపెనీ చెప్పకూడదని కూడా అదే రూల్స్‌లో ఉందండీ."

"మనం చెప్పట్లేదు కదండీ, అతనే వెళ్తానంటున్నాడు! కూతురి గ్రాడ్యుయేషన్ అట. మీరు ఆడమనిషయ్యుండీ..." ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. చేయకపోవడమే మంచిదైంది.

"అతను వెళ్తాననే అంటాడండీ. అందుకే మనం ఇక్కడ కూర్చున్నది" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. బయట ఆఫీస్‌లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

వేరే డ్రైవర్‌ని పంపి ఆ లోడ్ మార్పించి యాదగిరిని ఇంటికి పంపుదామన్నాను. దగ్గర్లో ఎవరూ లేరు. సీజన్‌లో ఎవరుంటారు? తలా ఒక దిక్కున ఉన్నారు. ప్రసాద్ గారు ఒక్కో పేరూ తెరమీద వెతికి చూశారు. "ఈ కస్టమర్ ఇక మనల్ని పిలవడండీ" అన్నారు చివరికి. అలాగే అయింది. నన్ను ఆయన పొమ్మనలేదు, పొగబెట్టారు. మంచి కస్టమర్లు ఒకరొకరే వేరేవాళ్ల బల్లమీదికి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు నేనే వెళ్లిపోయాను. ఆయనది తప్పంటారా అంటే, నాకు ఇప్పటికీ తేలదు. తెర పచ్చగా చూపిస్తున్నప్పుడు ఎర్ర జెండా ఎత్తేవాళ్లను ఏ ఓనరూ ఎక్కువకాలం భరించలేడు. మీరు ఎత్తాల్సి వస్తే, అది తెలిసే ఎత్తండి.

యాదగిరి ట్రక్ ఆ రోజంతా రిట్జ్‌విల్‌లోనే ఉంది. నేను మాత్రం ఆఫీస్‌లో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతూనే ఉన్నాను. నిద్రపోయాడా, కోపంతో పైకప్పు చూస్తూ పడుకున్నాడా అని అడగాలనిపించింది. బోర్లా తిప్పిన బిళ్లకు ఫోన్ చేయకూడదు కదా. చేయలేదు. సాయంత్రానికి ట్రక్ కదిలింది. కొండలు దాటింది. షికాగో చేరింది. శనివారం నవ్య స్టేజ్ ఎక్కినప్పుడు యాదగిరి, సియాటిల్ లోడ్ పోయి దొరికిన వేరే లోడ్‌తో, ఇంకా దారిలో ఏదో గోదాము ముందు, నంబర్ పిలుస్తారని ఎదురుచూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అతను నాతో మాట్లాడలేదు. లోడ్ ఇస్తే "ఓకే" అనేవాడు, అంతే. తిన్నవా అక్కా అని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ సీజన్ అయిపోయాక వేరే కంపెనీకి మారిపోయాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీకు ఉపయోగపడేది ఏదైనా ఉంటే ఇది. తెర చెప్పేది తెలుసుకోండి, అది తప్పకుండా కావాలి, చట్టం దాంతోనే నడుస్తుంది. కానీ డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న అడక్కండి. మన మనుషులు మర్యాద కోసం అవుననే అంటారు. పంజాబీలూ అంతే, మెక్సికో వాళ్లూ అంతేనని తర్వాత తెలిసింది. నిద్రలో ఏం చప్పుళ్లు వినిపించాయని అడగండి. చప్పుళ్లన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడంటే వాడు నిద్రపోలేదు. సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలకు ఇంకో మాట. డ్రైవర్ విశ్రాంతిలో ఉన్నప్పుడు వచ్చే ప్రతి మెసేజ్‌నీ పక్కన ఆపి ఉంచే ఏర్పాటు ఒకటి పెట్టండి. లెక్క ఎంత కష్టపడి రాశారో దీనికీ అంత కష్టపడండి.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. జరిగిన ప్రమాదానికి ఫొటోలుంటాయి, పోలీసులు వస్తారు, లాయర్లు వస్తారు. జరగని ప్రమాదానికి ఏమీ ఉండదు. యాదగిరి ఆ రోజు ఆగకుండా వెళ్లినా క్షేమంగానే చేరి ఉండొచ్చు. అలా రోజూ ఎంతోమంది నిద్ర లేకుండా వెళ్లి చేరుతూనే ఉన్నారు. కూతురికిచ్చిన మాట నేను నిష్కారణంగా చెడగొట్టానేమో. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు ఇంట్లో ఒకచోట నిలబడబుద్ధి కాదు. దీనికి మందేదీ నాకు దొరకలేదు. మీకూ దొరుకుతుందని చెప్పలేను.

పప్పుల వరస

పోయిన ఎండాకాలం బాతెల్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. పప్పుల వరసలో కందిపప్పు సంచి చూస్తుంటే ఒకమ్మాయి వచ్చి ముందు నిలబడింది.

"ఆంటీ, విజయ ఆంటీ కదా మీరు? ఐ యామ్ నవ్య. యాదగిరి గారి డాటర్."

ఎంత ఎదిగిపోయింది! కాలేజీ పేరున్న టీషర్టు వేసుకుంది. ఎలా ఉన్నావు, ఏం చదువుతున్నావు అని అడుగుతూనే ఉన్నాను. ఆ పిల్ల నా వెనక్కి చూసింది. తిరిగి చూస్తే యాదగిరి, చేతిలో సామాన్ల బండి పట్టుకుని. జుట్టు నెరిసింది. మనిషి అలాగే ఉన్నాడు.

పక్కకు తప్పుకుని పోతాడనుకున్నాను. పోలేదు. బండి వదిలేసి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నా బిడ్డ స్టేజ్ ఎక్కినప్పుడు నేను లేను" అన్నాడు. "తలుపు దిక్కే చూసిందంట, మా ఆవిడ చెప్పింది. పేరు పిలిచినా తలుపు దిక్కే చూసిందంట. ఒక్క పూట అక్కా. ఒక్క పూట పోనిస్తే ఏమయ్యేది? గా దినం నువ్వు వాపస్ తెస్తవా?"

"తేలేను" అన్నాను.

"మరెందుకు ఆపినవ్? లాగ్ మంచిగుండె. రూలు పొమ్మన్నది. నువ్వెవరు ఆపనీకి?" గొంతు పెరిగింది. పక్క వరసలో వాళ్లు బండ్లు ఆపి చూస్తున్నారు. స్టోర్ అబ్బాయి తొంగి చూశాడు. సంవత్సరాల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొస్తోంది. నేను అతని మొహం చూస్తున్నాను. ఎర్రబడిన మొహం, ఎగిరిపడుతున్న మెడ నరం, అందక మళ్లీ మళ్లీ తీసుకుంటున్న ఊపిరి. నా ఎదుట ప్రాణంతో నిలబడి తిడుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో బాధో నాకే తెలియలేదు, బహుశా రెండూ కావచ్చు.

నవ్య సిగ్గుతో తండ్రి చెయ్యి పట్టుకుని లాగింది. "డాడీ, స్టాప్, ప్లీజ్. అందరూ చూస్తుండ్రు."

"తిట్టనీ అమ్మా" అన్నాను. "మీ నాన్నను ఆపకు."